ఉక్కు ఊరి బంతి, రాజధాని పద్దు

రాజధానికి తెలుగువారు వలస రావడం కొత్త విషయం కాదు. మంత్రిపదవికి వచ్చినవారున్నారు, గుమాస్తా ఉద్యోగానికి వచ్చినవారున్నారు, వార్తలు రాసుకొని బతకడానికి వచ్చిన మావంటివారున్నాము. 2025 అక్టోబరులో వచ్చిన వలసదారు మాత్రం ఈ కోవలో దేనికీ చెందదు. అది ఒక ఫుట్‌బాల్ క్లబ్బు. అంతవరకు దాని పేరు హైదరాబాద్ ఫుట్‌బాల్ క్లబ్బు. యమునాతీరం చేరగానే స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అయినది.

ఆ క్లబ్బు హైదరాబాదు చరిత్ర ఆరేళ్ళది. 2019 ఆగస్టులో పుట్టింది. 2022 మార్చి 20న గోవాలోని ఫటోర్డా మైదానంలో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీ కిక్కులలో ఓడించి ఇండియన్ సూపర్ లీగ్ విజేతగా నిలిచింది. గచ్చిబౌలిలో అది ఆడుకొన్న స్టేడియానికి లోక్‌సభాపతిగా ఉంటూనే 2002లో హెలికాప్టర్ ప్రమాదంలో అసువులు బాసిన జి.ఎం.సి. బాలయోగి పేరు పెట్టారు. విజయం దక్కిన రెండేళ్ళలోనే జీతాల బకాయిలు, ఆటగాళ్ళ నిష్క్రమణ, కొత్తవారిని తీసుకోరాదని అంతర్జాతీయ సమాఖ్య ఆంక్ష, 2023-24 పట్టికలో అట్టడుగు స్థానం ఒకదాని వెంట ఒకటి వచ్చిపడ్డాయి. 2024లో బి.సి. జిందాల్ గ్రూపు దానిని తీసుకొన్నది. మరుసటి ఏడు ఊరు మార్చింది. ఆ సంస్థను తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. వర్తకుడు తన సరకును గిరాకీ ఉన్నదనుకొన్న చోటికి తోలుకొని పోతాడు. ఆలోచించవలసిన ప్రశ్న వేరొకటి. దేశంలోకెల్ల గెలిచిన జట్టుకు సొంత ఊళ్ళో అన్నం ఎందుకు పుట్టలేదు?

ఆటలో లోపం వల్ల కాదని పట్టికే చెబుతున్నది. క్లబ్బు రాబడి మైదానంలో పుట్టదు. యజమాని నడిపే ప్రధాన వ్యాపారం లాభనష్టాలు, ప్రసార హక్కులు కొనేవారి మధ్య పోటీ, ప్రకటనలపై చట్టం విధించే హద్దులు, ఊరివారి జేబులోని డబ్బు, మైదానం ఎవరి అధీనంలో ఉన్నదన్న సంగతి, ఇవన్నీ కలిసిన వాతావరణంలో పుడుతుంది. ఆ వాతావరణంలో అధికభాగం తయారయ్యేది ఈ ఢిల్లీలోనే. ఈ మాట నాకు హైదరాబాదులో కాక భిలాయిలో తట్టింది.

బంధువుల ఇంట శుభకార్యానికి ఆ ఊరు వెళ్ళాను. విజయనగరం-రాయపూర్ రైలు మార్గం పట్టుకొని ఉత్తరాంధ్ర నుంచి రెండు మూడు తరాలుగా జనం అక్కడికి చేరుతూ వచ్చారు. 1955 ఫిబ్రవరి 2న సోవియట్ యూనియన్‌తో ఒడంబడిక కుదిరింది. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేసును ప్రారంభించారు. వరిపొలాల మధ్య లేచిన ఆ ఊరికి సెక్టార్లు, క్వార్టర్లు, ఆసుపత్రి, బడులు, స్టేడియాలు అన్నీ కర్మాగారం పద్దులోనే సమకూరాయి. దేశంలో రైలు ఎక్కినవారిలో భిలాయి పట్టా మీదుగా పోనివారు అరుదు. మా బంధువుల ఇంట ఒక పెద్దాయన కలిశారు. శ్రీకాకుళం జిల్లా వారు. రోలింగ్ మిల్లులో పనిచేసి విశ్రాంతి తీసుకొంటున్నారు. వరసకు మామయ్య అవుతారు. తమ కాలంలో బంతి బాగా ఆడే కుర్రవాడికి ప్లాంటులో ఉద్యోగం దొరుకుతుందన్న ఆశ ఉండేదనీ, నేడు బాగా ఆడే కుర్రవాడికి ఊరు విడవడమే దారిగా ఉన్నదనీ ఆయన వాపోయారు. ఆయన చెప్పిన రెండు ముక్కలలో భారత ఫుట్‌బాల్ ఆర్థిక చరిత్ర అంతా ఉన్నదంటే అతిశయోక్తి కాదు.

ఉద్యోగమే జీతంగా, ఆటే విధిగా సాగిన ఆ పద్ధతికి మన హైదరాబాదే పెద్ద ఉదాహరణ. సయ్యద్ అబ్దుల్ రహీం బడిపంతులు. ఆయన తీర్చిదిద్దిన హైదరాబాద్ సిటీ పోలీసు జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్పు గెలిచింది. ఆయన శిక్షణలోనే భారత జట్టు 1951, 1962 ఏషియాడ్ స్వర్ణాలు తెచ్చింది, 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో నాల్గవ స్థానం పొందింది. ఆ పోలీసు జట్టుకు రాబడి సమస్యే లేదు. రక్షకభట శాఖ జీతం ఇచ్చేది, ఆటగాడు బంతి తన్నేవాడు. సికిందరాబాదు బిడ్డ తులసీదాస్ బలరాం చివరికి బెంగాల్-నాగపూర్ రైల్వే జట్టుకు ఆడారు. ఆ రైల్వే వేసిన ప్రధాన మార్గమే నేటికీ దుర్గ్, భిలాయిల గుండా పోతున్నది. 1958లో కలకత్తా లీగును మోహన్‌బగాన్, ఈస్ట్‌బెంగాల్‌లను కాదని ఈస్టర్న్ రైల్వే గెలిచిందంటే, ప్రభుత్వోద్యోగం ఆనాడు ఎంతటి ప్రాయోజకుడో ఊహించవచ్చు.

ఇది మన దేశపు విచిత్రం కాదు. ఇంగ్లండులో ఆర్సెనల్ 1886లో ఆయుధ కర్మాగారం పనివారి జట్టుగా మొదలైనది. వెస్ట్‌హామ్ మూలం నౌకలు కట్టే ఇనుప కర్మాగారంలో ఉన్నది. జర్మనీలో లెవర్‌కూజెన్‌ది మందుల కంపెనీ జట్టు. భిలాయికి యంత్రాలు పంపిన సోవియట్ దేశంలో ఉక్కు ఊళ్ళ జట్లకు మెటలర్గ్ అనీ, బొగ్గు ఊరి జట్టుకు షాఖ్తార్ అనీ పేర్లు పెట్టుకొన్నారు. రెండవదానికి గనికార్మికుడు అని అర్థం. ఆ తరువాత వారిలో కొందరు టిక్కెట్ల మీద, సభ్యత్వ రుసుముల మీద, టెలివిజన్ మీద స్వయంగా నిలబడ్డారు. ఉక్రెయిన్ ఉక్కు నగరం జపరోజ్యే మెటలర్గ్ వంటివారు నిలబడలేక గత దశకంలో తలుపులు మూశారు.

కర్మాగారం నీడన పెరిగిన జట్టుకు ఒక ప్రమాదం పొంచి ఉంటుంది. యజమాని సరకు ధర పడితే ఆటగాడి కూడు పడుతుంది. ఉక్కు ధర లండనులోనో షాంఘైలోనో తేలుతుంది. స్టీల్ అథారిటీ 2015-16లో నాలుగు వేల కోట్ల రూపాయలకు పైగా నష్టపోయింది. చైనా ఉక్కు ప్రపంచాన్ని ముంచెత్తిన రోజులవి. అదే సంస్థ 2021-22లో పన్నెండు వేల కోట్ల లాభం చూపింది. 2025 ఏప్రిల్‌లో దిగుమతి ఉక్కుపై కేంద్రం 12 శాతం రక్షణ సుంకం వేయవలసి వచ్చింది. ఆరేళ్ళలో పాతాళం నుంచి ఆకాశానికి పోయే లెక్కపై పదేళ్ళు పట్టే క్రీడాశిక్షణను ఎవరు నిలపగలరు? విశాఖ ఉక్కు సంగతి పాఠకులకు వేరే చెప్పనక్కరలేదు. 2021 జనవరిలో అమ్మకానికి నిర్ణయం, 2025 జనవరిలో రూ.11,440 కోట్ల పునరుజ్జీవన సహాయం. నడుమ నాలుగేళ్ళు తన ఉనికిని లెక్కపెట్టుకొంటూ గడిపిన కర్మాగారాన్ని ఆటల గురించి అడగడం కూడ అమానుషమే.

ప్రైవేటు యజమానుల కథ భిన్నంగా లేదు. మొదటి జాతీయ లీగును 1996-97లో గెలిచిన ఫగ్వాడా జె.సి.టి. మిల్లు 2011లో జట్టును రద్దుచేసింది. బొంబాయి మహీంద్రా యునైటెడ్ అంతకు ఏడాది ముందే సెలవు పుచ్చుకొన్నది. గోవాలో ఇనుప గనుల కుటుంబాలే క్లబ్బులను పోషించాయి. 2012లో అక్కడ తవ్వకాలు ఆగిపోయాయి. 2016లో డెంపో, సాల్గావ్‌కర్, స్పోర్టింగ్ క్లబ్బులు జాతీయ లీగు నుంచి తప్పుకొన్నాయి. తాము ఆడుతున్న లీగును రెండవ శ్రేణికి దింపే పథకానికి నిరసనగా తప్పుకొన్నామని అవి ప్రకటించాయి. అది నిజమే కావచ్చు. కాని గని గలగలలాడే రోజులలో నిరసన ఇంత దూరం పోయేదా అన్నది నా సందేహం.

భిలాయికి తిరిగి వస్తాను. ఉక్కు సంస్థ తన ఫుట్‌బాల్ శిక్షణాలయాన్ని బొకారోలో పెట్టింది, హాకీని రూర్కెలాకు ఇచ్చింది, భిలాయికి అథ్లెటిక్స్ దక్కింది. అయినా భిలాయి పేరు దేశమంతటా మోగింది బాస్కెట్‌బాల్ ఆడే అమ్మాయిల వల్ల. ఫుట్‌బాల్ మాత్రం ఛత్తీస్‌గఢ్‌లో మరొకచోట వేళ్ళూనింది. దక్షిణాన బస్తరు అడవులలో నారాయణపూర్ రామకృష్ణ మిషన్ వారు గిరిజన బాలురకు నేర్పి జట్టును నిలబెట్టారు. 2024లో ఇరవై ఏళ్ళలోపు కుర్రవాళ్ళ జాతీయ పోటీలు అక్కడే జరిగాయి. తుపాకుల మోతకే వార్తలకెక్కిన జిల్లా అది. దల్లీ-రాజ్‌హరా గనులు తరిగిపోతూ ఉండగా భిలాయి కొలిమికి ఖనిజం అందవలసిన రావ్‌ఘాట్ కొండలు కూడ ఆ ప్రాంతంలోనివే. ఖనిజం అక్కడి నుంచి భిలాయికి వస్తుంది, జీతాలు భిలాయిలో ఉంటాయి, బంతి మాత్రం అడవిలోనే ఉండిపోయింది.

ఇక నేటి వృత్తి క్లబ్బు సంగతి. ప్రపంచమంతటా దాని రాబడికి మూడు వాకిళ్ళు. గేటు వసూలు, ప్రసార హక్కులలో వాటా, ప్రాయోజకుల ప్రకటనలు. ఇండియన్ సూపర్ లీగులో మూడూ కలిసి ఒకే ఇంటి ముంగిట్లోకి తెరుచుకొన్నాయి. 2010లో అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య తన వాణిజ్య హక్కులన్నిటినీ పదిహేనేళ్ళకు ఒక కూటమికి రాసి ఇచ్చింది. రిలయన్స్ అనుబంధ సంస్థ లీగును నిర్వహించింది. ప్రసారకర్త కూడ ఆ కుటుంబమే అయినది. 2024 నవంబరులో రిలయన్స్, డిస్నీల ప్రసార వ్యాపారాలు ఏకమైనవి. నిర్వాహకుడూ కొనుగోలుదారూ ఒకే పంక్తిలో కూర్చొన్నప్పుడు సరకు ధర ఎంతో ఎవరు చెప్పగలరు? ఒడంబడిక గడువు 2025 డిసెంబరులో తీరుతుందనగా జూలైలోనే లీగును నిలిపివేస్తున్నట్లు నిర్వాహకులు తెలిపారు. కొన్ని క్లబ్బులు జీతాలు ఆపివేశాయి. వ్యవహారం సుప్రీంకోర్టులో తేలవలసి వచ్చింది. సమాఖ్య రాజ్యాంగాన్ని రచించిన మాజీ న్యాయమూర్తి ఎల్. నాగేశ్వరరావు, సెప్టెంబరు 19న తీర్పు చెప్పిన ధర్మాసనానికి నాయకుడు జస్టిస్ పి.ఎస్. నరసింహ, ఇద్దరూ తెలుగువారే. ఆటగాళ్ళను ఇవ్వలేకపోయినా న్యాయమూర్తులనైనా ఇచ్చామని సంతోషించాలి కాబోలు.

కోర్టు కనుసన్నలలోనే టెండరు పిలిచారు. ఏటా కనీసం రూ.37.5 కోట్లు గాని, మొత్తం రాబడిలో 5 శాతం గాని, ఏది ఎక్కువయితే అది సమాఖ్యకు చెల్లించాలన్నది షరతు. నవంబరులో పెట్టె తెరిస్తే ఒక్క దరఖాస్తు లేదు. నూట నలభై కోట్ల జనాభా గల దేశంలో ప్రపంచం మెచ్చిన ఆటకు బేరం రాలేదు! చివరికి 2026 జనవరి 6న కేంద్ర క్రీడామంత్రి మన్సుఖ్ మాండవీయ ఫిబ్రవరి 14న లీగు మొదలవుతుందని ప్రకటించారు. ప్రైవేటు పెట్టుబడితో వెలుగుతుందన్న లీగుకు సర్కారు నోట ముహూర్తం వెలువడింది.

ప్రసారకర్త చేతులెత్తడం ఐరోపాలో కూడ చూశారు. 2002లో ఇంగ్లండులో ఐటీవీ డిజిటల్, జర్మనీలో కిర్ష్ సంస్థ కూలిపోయాయి. చిన్న క్లబ్బులు అప్పులపాలైనవి గాని ఆట ఆగలేదు. గేటు వసూలు ఉన్నది, సభ్యులున్నారు. అంతకు ముందు 1986లో ఉక్కు పట్టణం మిడిల్స్‌బరో క్లబ్బు దివాళా తీసి మైదానం గేట్లకు తాళాలు పడితే స్థానిక వ్యాపారులు కూటమి కట్టి నిలబెట్టారు. హైదరాబాద్ క్లబ్బుకు తాళం పడే రోజు వచ్చినప్పుడు గేటు వద్ద నిలబడడానికి పొరుగువారే లేకపోయారు. అదే నగరంలో శ్రీనిధి దక్కన్ క్లబ్బు ఉన్నది. కాగితంపై విశాఖ పేరిట లీగులో చేరి దక్కనుకు వచ్చి, రెండు వరుస సంవత్సరాలు ఐ-లీగులో రెండవ స్థానం పొందింది. దానికి సొంత మైదానం ఉండడం శుభసూచకం. కాని దాని వెనుక ఉన్నది కూడ ఒకే విద్యాసంస్థల సమూహం.

ఇప్పుడు నా వృత్తికి సంబంధించిన మాట. 2025 ఆగస్టు 11న లోక్‌సభ జాతీయ క్రీడా పరిపాలన బిల్లును ఆమోదించింది. ప్రతిపక్షం వారు ఎన్నికల సంఘానికి ఊరేగింపుగా పోయి పోలీసుల అదుపులో ఉన్న రోజది. మరునాడు రాజ్యసభ వంతు. సమాఖ్యలకు ఎన్నికలు, పైన ఒక బోర్డు, వివాదాలకు ట్రిబ్యునల్ ఏర్పడ్డాయి. మంచిదే. ఆ చర్చలో క్లబ్బుల జమాఖర్చులకు దక్కిన స్థానం మాత్రం స్వల్పం. పదిరోజులలోపే ఆన్‌లైన్ పందేల నిషేధ చట్టం వచ్చింది. 20వ తేదీన లోక్‌సభ, 21న రాజ్యసభ, 22న రాష్ట్రపతి సంతకం. క్రికెట్ జట్టు చొక్కాపై ఉన్న డ్రీమ్ ఎలెవెన్ పేరు వెంటనే తొలగిపోయింది. ఆ జాతి కంపెనీల ప్రకటనలే ఫుట్‌బాల్ క్లబ్బులకు కూడ వడ్డీలేని అప్పు వలె ఉండేవి. కుటుంబాలను నాశనం చేసిన జూదాన్ని ఆపినందుకు నేను ఆక్షేపించను. ఒక రాబడి వాకిలి మూస్తున్నప్పుడు మరొకటి ఎక్కడ తెరవాలన్న ఆలోచన ఆ గందరగోళంలో ఎవరికి ఉంటుంది?

క్లబ్బులవారు తరచు పన్నులను నిందిస్తారు. ఆ వాదన నాకు రుచించదు. గుర్తింపు పొందిన క్రీడల టిక్కెట్టు రూ.500 లోపు ఉంటే జీఎస్టీ లేనేలేదు. భిలాయిలో ఐదువందలు పెట్టి బంతాట చూసేవాడెవరు? అక్కడ యాభై రూపాయల టిక్కెట్టు పెట్టి, ఐదువేల మంది వచ్చి, ఏటా పదిహేను ఆటలు జరిగాయనుకొందాము. ముప్ఫై ఏడున్నర లక్షలు. టెండరువారు అడిగిన కనీస మొత్తంలో సరిగా నూరవ వంతు! ఈ లెక్కతో సూపర్ లీగు జట్టు నడవదు. కాని కుర్రవాళ్ళ జట్టూ, ఒక శిక్షకుడూ, రాష్ట్ర లీగులో పాల్గొనే వృత్తి క్లబ్బు తొలి ఏడూ నడవడం అసాధ్యం కాదు. ఊరి శక్తిని బట్టి క్లబ్బు ఖర్చు ఉండాలి గాని, బొంబాయి టెలివిజన్ అంచనాను బట్టి కాదు. మనవారు మేడ కట్టి పునాది టెండరు పిలిచారు.

కాంట్రాక్టు కూలీకి జీతం సరిగా అందని ఊళ్ళో బంతికి చందాలేమిటని ఎవరైనా అడగవచ్చు. గట్టి ప్రశ్నే. భిలాయి గనుల ఊరే దానికి జవాబు ఇచ్చింది. 1983లో దల్లీ-రాజ్‌హరా గనికార్మికులు శంకర్ గుహ నియోగి నాయకత్వాన తమ చందాలతో షహీద్ ఆసుపత్రిని కట్టుకొన్నారు. ఎనిమిదేళ్ళ తరువాత నియోగిని భిలాయిలోనే కాల్చి చంపారు గాని, ఆసుపత్రి నిలిచింది. దినకూలీ పైసలతో ఆసుపత్రి కట్టుకొన్న నేల మీద సభ్యుల చందాలతో క్లబ్బు నడపడం గగనకుసుమం కాదు. జర్మనీలో క్లబ్బు ఓట్లలో సగానికి పైగా సభ్యుల చేతిలో ఉండాలన్నది నియమం. బార్సిలోనా క్లబ్బు యజమానులు దాని సభ్యులే. ఉక్కు కార్మికులకు సహకార పరపతి సంఘం లెక్కలు ఇంతకంటె క్లిష్టమైనవి.

అడ్డు వచ్చేది మైదానం. టౌన్‌షిప్‌లోని స్థలం ఉక్కు సంస్థది, సంస్థ కేంద్రానిది. సభ్యుల సంఘానికి పదిహేనేళ్ళ కౌలు ఇవ్వాలంటే భిలాయి అధికారి చేతిలో పని కాదు, ఢిల్లీ అనుమతి కావాలి. కంపెనీల చట్టం 2013 ప్రకారం సామాజిక బాధ్యతా నిధులను క్రీడాశిక్షణకు వెచ్చించవచ్చు. ఆ నిధి కుర్రవాళ్ళ శిక్షణకు, గేటు వసూలు జట్టుకు అన్న విభజన చేసుకోవచ్చు. ఉక్కుశాఖ పద్దులపై చర్చ వచ్చినప్పుడు మన ఎంపీలలో ఒకరైనా మైదానాల కౌలు షరతులేమిటని అడిగితే రాతపూర్వకమైన జవాబు వచ్చి తీరుతుంది. విశాఖ పేరు చెప్పి అడిగినా సరే, జవాబు భిలాయికి కూడ వర్తిస్తుంది.

రైలు ఎక్కే ముందు ఈ లెక్కలన్నీ మామయ్యకు వినిపించాను. ఓపికగా విన్నారు. తాను నెలకు యాభై రూపాయలు ఇవ్వగలనన్నారు. రశీదు ఎవరిస్తారని అడిగారు.